నాటిన దంతములు

(ప్రసంగ పాఠము)

దక్షయజ్ఞ కథ మన తెలుగునాట తెలియనివారుండరు. గోదావరీ ప్రాంతమందలి ద్రాక్షారామమే ఆ యజ్ఞము జరిగిన తావని అచ్చటివారు నేటికిని చెప్పుకొందురు. ఆ కథలో పూషుడను దేవత యొకడు కలడు. దక్షుడు నిండుసభలో శివుని నిందించుచుండగా ఇతడు పండ్లు బయలుపెట్టి నవ్వెను. యజ్ఞధ్వంసమునాడు ఆ నవ్విన పండ్లే రుద్రగణముల చేతిలో రాలిపోయెను. తరువాత శివుడు ప్రసన్నుడయ్యెను. తల పోయిన దక్షునకు మేకతల దొరకెను. గడ్డము పోయిన భృగువునకు మేకగడ్డము వచ్చెను. పూషునకు మాత్రము క్రొత్త పండ్లు రాలేదు. పిండిచేసిన హవిస్సును భుజింపుమనియు, నమలవలసి వచ్చినచో యజమానుని పండ్లతో నమలుమనియు ఏర్పాటు జరిగెను.

తలకు బదులు తల దొరకినను పంటికి బదులు పన్ను దొరకదని చెప్పిన ఆ కథకుడు లోకమెరిగినవాడు. పండ్లన్నియు పోయిన మనుష్యుని స్థితియు చాలకాలము పూషుని స్థితివంటిదే. పిండిచేసినది తినుట, మెత్తనిది మ్రింగుట, లేదా పరుల పండ్లవంటి కట్టుడుపండ్లతో నమలుట తప్ప వేరు దారి లేకుండెను. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున మరియొక దారి ఏర్పడినది. దవడయెముకలో లోహపు వేళ్లను నాటి, వానిపై కదలని దంతపంక్తిని నిలుపు చికిత్స అది. వైద్యులు ఆ లోహపు వేళ్లను ఇంప్లాంట్లందురు. నేటి మా ప్రసంగ విషయ మిదియే.

మేము దంతవైద్యులము కాము. వైద్యగ్రంథములలో చదివినదియు, ఆ వృత్తిలోనివారిని అడిగి తెలిసికొన్నదియు మీ ముందుంచుచున్నాము. ఇప్పుడు చెప్పవలసిన అవసర మేమనగా, మన పట్టణములలో ఏ కూడలిలో నిలిచినను "మూడు దినములలో మీ పండ్లు మీకు" అను ప్రకటనలు కనబడుచున్నవి. ఇంటిలోని పెద్దలకు ఇది చేయింపవచ్చునా, మానవలెనా, చేయించినచో ఎన్నాళ్లు నిలుచును అను ప్రశ్నలు అనేక కుటుంబములలో మెదలుచున్నవి. లక్షల రూపాయలతోను, తిరిగి తెచ్చుకొనరాని ఎముకతోను కూడిన నిర్ణయము ఇది. కావున తెలిసి చేయవలెను.

మొదట పండ్లు పోయినప్పుడు ఏమేమి పోవునో చూతము. తిండి పోవునని అందరును ఎరుగుదురు. జొన్నరొట్టెను పాలలో నానవేసికొనుట, ఆవకాయలో ముక్కను ప్రక్కకు నెట్టి ఊట మాత్రము కలుపుకొనుట, సంక్రాంతినాడు సకినాల పళ్లెరమును మనుమలవైపు జరుపుట మన ఇండ్లలో చూచుచున్నవే. క్రమముగా పీచుగల కూరలు, పచ్చికాయలు, గింజలు తగ్గి, మెత్తనివియు తీయనివియు పెరుగును. మధుమేహము గల పెద్దలకు ఈ మార్పు మంచిది కాదు.

తిండికన్న మాటకు కలుగు నష్టమును మేము ఎక్కువగా గమనింతుము. మాటయే మా వృత్తి గదా. త, థ, ద, ధ, న అను వర్ణములను దంత్యములని వ్యాకర్తలు ఊరకనే అనలేదు. తెలుగునందు మరియొక విశేషము కలదు. మన చకార జకారములు రెండేసి విధములు. చిలుక, చెరువు, జిల్లేడు అనునపుడు నాలుక తాలువును తాకును. చాప, చుక్క, జడ, జొన్న అనునపుడు పండ్ల మొదటికి వచ్చును. ఈ రెండవ చకార జకారములు తెలుగు మాటకు ఒక సొగసు. ముందరి పండ్లు పోయినవారి నోట మొదట చెడునవి యివియే. వకారమును పలుకుటకు క్రింది పెదవికి పైపంటి ఆసరా కావలెను. ఎన్నో ఏండ్లు పాఠము చెప్పినవారు, పురాణము చదివినవారు, హరికథ చెప్పినవారు పండ్లు పోయిన పిమ్మట నలుగురిలో మాటాడుట తగ్గించుకొందురు. తమ మాట ఇతరులకు అర్థము కాలేదని రెండుమారులు తెలిసిన తరువాత మూడవమారు నోరు విప్పుటకు మనసొప్పదు. ఇంటిలోనివారు దానిని వయసుచేత వచ్చిన మౌనమనుకొందురు. అది మౌనము కాదు, సిగ్గు.

కంటికి కనబడని నష్టము మూడవది కలదు. అది దవడయెముకకు కలుగునది. నేటి ప్రసంగములో ఒక్క సంగతియే జ్ఞాపకముంచుకొనదలచినవారు దీనిని ఉంచుకొనవలెను. పంటి వేరును పట్టియుండు ఎముక ఆ వేరు కొరకే పుట్టినది, ఆ వేరు ఉన్నంతవరకే పుష్టిగా ఉండును. నమలునపుడు వేరు ద్వారా అందు ఒత్తిడియే దానికి బలము. వేరు పోగానే ఆ యెముక తరుగ నారంభించును. 1972లో ప్రకటితమైన టాల్‌గ్రెన్ అను పరిశోధకురాలి అధ్యయనము ఈ విషయమున ప్రసిద్ధము. పండ్లన్నియు పోయి కట్టుడుపండ్లు పెట్టుకొన్నవారిని ఆమె 25 సంవత్సరముల వరకు పరిశీలించెను. తొలి సంవత్సరములోనే తరుగుదల మిక్కిలి అధికమనియు, తరువాత మందగించినను ఆగదనియు, క్రింది దవడ పైదవడకంటె సుమారు నాలుగింతలు తరుగుననియు తేలెను. గడ్డము ముక్కువైపు లేచినట్లుండుటకును, బుగ్గలు లోనికి పోవుటకును, నిరుడు సరిపోయిన కట్టుడుపండ్లు ఈయేడు వదులగుటకును ఇదియే కారణము. పండ్లు చెడలేదు, వాని క్రింది పునాది కరగిపోయినది.

కట్టుడుపండ్ల చరిత్ర పెద్దది. మేము ఒకటి రెండు మాటలతో దాటుదుము. 1789లో అమెరికా మొదటి అధ్యక్షుడుగా ప్రమాణము చేసిన జార్జి వాషింగ్టను నోట నాటికి మిగిలినది ఒకే సొంత పన్ను. ఆయనవి కొయ్యపండ్లను మాట నిజము కాదు. అవి నీటిగుఱ్ఱపు దంతము, మనుష్యుల పండ్లు, లోహములు కలిపి చేసినవి. పందొమ్మిదవ శతాబ్దపు నడుమ గట్టిచేసిన రబ్బరు వచ్చెను. 1930 దశకమున ఆక్రిలికు వచ్చెను. నేడు మనము చూచు గులాబిరంగు చిగుళ్ల కట్టుడుపండ్లు ఆ ఆక్రిలికుతో చేసినవే. వస్తువు మారెను గాని లోపము మారలేదు. అవి చిగురుపై కూర్చుండునవే కాని ఎముకను పట్టుకొనునవి కావు. పైపంక్తి అంగిలికి అంటుకొని కొంత నిలుచును. క్రింది పంక్తికి ఆ ఆధారము లేదు. నాలుక కదలిన ప్రతిమారు అదియు కదలును.

ఎముకలోనే ఏదైన నాటవలెనన్న తలపు మిక్కిలి పాతది. 1931లో మధ్య అమెరికాలోని హోండురాసులో ఒక క్రింది దవడ దొరకినది. అది సుమారు క్రీ. శ. 600 ప్రాంతము నాటిది. ముందరి పండ్లుండవలసిన తావులలో పండ్లవలె అరగదీసిన మూడు గుల్లముక్కలు ఉండెను. ఎక్సురేలతో పరీక్షింపగా ఎముక వానిచుట్టు పెరిగినట్లు గుర్తులు కనబడెను. అనగా ఆ మనిషి బ్రతికియుండగనే అవి నాటబడినవి. తరువాతి కాలమున బంగారము, ప్లాటినము మొదలైన లోహములతో ఎందరో ప్రయత్నించిరి. పెక్కింటి గతి ఒకటియే. శరీరము వానిని పరాయివస్తువులుగా ఎంచి, చుట్టును మెత్తని పొర నల్లి, వదులుచేసి, తుదకు త్రోసివేసెను.

ఆ చిక్కు విడిపోయినది దంతవైద్యశాలలో కాదు. స్వీడను దేశమున పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ అను శరీరశాస్త్రజ్ఞుడు 1950 దశకమున ఎముక మూలుగలో రక్తము ప్రసరించు తీరును పరిశీలించుచుండెను. కుందేలు కాలియెముకలో టైటానియము గొట్టమొకటి అమర్చి, దానిగుండ సూక్ష్మదర్శినితో చూచుచుండెను. పరిశీలన ముగిసిన పిమ్మట విలువగల ఆ గొట్టమును మరల వాడుకొందమని తీయబోగా అది రాలేదు. ఎముక దానిని కరచుకొని పట్టినది. నడుమ మెత్తని పొర లేదు. లోహమునకు ఎముకయే నేరుగా అంటియున్నది. వేరొకరైనచో విసుగుకొని క్రొత్త గొట్టము తెప్పించుకొనియుందురు. బ్రోనెమార్క్ తాను వెదకుచున్నదానిని ప్రక్కన బెట్టి, దొరకినదాని వెంట నడచెను.

టైటానియము గుణమేమి? గాలి తగిలినంతనే దాని ఉపరితలమున అతి పలుచని ఆక్సైడు పొర ఏర్పడును. శరీరములోని ఎముక కణములు ఆ పొరపై నిర్భయముగా చేరి ఎముకను నిర్మించును. ఈ లోహపు ఖనిజమైన ఇల్మనైటు మనకు దూరమైనది కాదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములలో భీమునిపట్టణము వంటి చోట్ల కనబడు నల్లని ఇసుకలో అదియే కలదు.

1965లో గోథెన్‌బర్గు పట్టణమున బ్రోనెమార్క్ తొలిసారి ఒక రోగి క్రింది దవడలో నాలుగు టైటానియము మరమేకులను నాటెను. పుట్టుకతోనే దవడ లోపము గలిగి, పండ్లు లేక, తిండికిని మాటకును కష్టపడుచున్న మనిషి అతడు. నాటినవెంటనే పండ్లు బిగింపలేదు. చిగురు మూసి, నెలల తరబడి ఎముకకు వ్యవధి ఇచ్చి, పిదప పండ్ల వంతెనను బిగించెను. అతడు 2006లో మరణించువరకు, అనగా 40 ఏండ్లకు పైగా ఆ మేకులు పనిచేసెను. అయినను స్వదేశములోని దంతవైద్య పండితులు చాలకాలము నమ్మలేదు. బ్రోనెమార్క్ వారితో వాదించుట కంటె లెక్కలు చూపుట మేలనుకొనెను. 1981లో వెలువడిన 15 సంవత్సరముల నివేదికలో, 5 మొదలు 9 ఏండ్లు పరిశీలింపబడిన రోగులలో పైదవడ మేకులు 81 శాతము, క్రింది దవడ మేకులు 91 శాతము నిలిచియుండెను. ఒకటి రెండు మేకులు పోయినను మిగిలినవానిపై వంతెన నిలుచును గనుక, వంతెనల లెక్క పైదవడలో 89 శాతము, క్రింది దవడలో 100 శాతము. 1982లో కెనడాలోని టొరంటో సమావేశముతో ఈ పద్ధతి ప్రపంచమంతటను అంగీకరింపబడెను. ఆయన 2014లో కన్నుమూసెను.

ఇక నేటి పద్ధతి. పండ్లు లేని ఒక దవడలో 14 పండ్లకు 14 మేకులు నాటవలెనని పలువురి భ్రమ. అది అవసరము కాదు. నాలుగు, అయిదు లేక ఆరు మేకులపై ఒక పూర్తి పంక్తిని నిలుపుదురు. నాలుగు గుంజలపై పందిరి నిలుచుట చూచితిమి గదా, ఇదియు అట్టిదే. 1998లో లిస్బను పట్టణమున పాలో మాలో అను దంతవైద్యుడు ఆరంభించిన నాలుగు మేకుల పద్ధతి నేడు మన నగరములలోను ప్రచారమున కలదు. ముందర రెండు మేకులు నిలువుగా ఉండును. వెనుకటి రెండును ఏటవాలుగా నాటబడును. ఏటవాలు ఏల యనగా, పైదవడ వెనుకభాగమున ఎముకకు మీద గాలితో నిండిన గది యొకటి కలదు. క్రింది దవడలో పెదవికిని గడ్డమునకును స్పర్శనిచ్చు నరము ప్రవహించును. మేకు ఆ గదిలోనికి చొరరాదు, ఆ నరమును తాకరాదు. నరము దెబ్బతిన్నచో పెదవి మొద్దుబారి, అన్నము కారుచున్నను తెలియని స్థితి రాగలదు. ఒరగి నాటిన మేకు రెంటిని తప్పించుకొని, పొడవుగా దిగి, పంక్తి వెనుకకొనకు ఆసరా ఇచ్చును. పైదవడ యెముక మిక్కిలి తరిగినవారికి చెంపయెముక వరకు పోవు పొడవైన మేకులును ఉన్నవి. అది మరింత నేర్పుగలవారు చేయవలసిన పని.

ఈ కారణముచేత పరీక్ష లేనిదే మేకు లేదు. దవడను అన్ని వైపులనుండి చూపు ప్రత్యేక స్కానింగు తీసి, ఎముక ఎత్తెంత, వెడల్పెంత, నరమెచ్చట అని మిల్లీమీటర్లలో కొలిచి, ఎచ్చట ఎంత లోతున నాటవలెనో ముందే నిర్ణయింతురు. మేకు సామాన్యముగా 4 మిల్లీమీటర్ల లావు, 10 మొదలు 15 మిల్లీమీటర్ల పొడవు ఉండును. మత్తుసూదితో తావును మొద్దుబార్చి నాటుదురు.

ఇప్పుడు ఆ "మూడు దినముల" మాట. మేకులు మొదటిరోజుననే ఎముకలో గట్టిగా బిగిసినచో, ఆనాడో మరునాడో వానిపై పండ్లను బిగించుట సాధ్యమే. ఇది అబద్ధము కాదు. కాని ఆ పండ్లు సాధారణముగా తాత్కాలికములు. ఆ బిగువు మరమేకు బిగువే గాని ఎముక పట్టు కాదు. తొలి వారములలో మేకు చుట్టునున్న పాత ఎముక కొంత కరగును. క్రొత్త ఎముక అప్పటికింకను గట్టిపడదు. అందుచేత నొప్పి పోయి, వాపు తగ్గి, అంతయు బాగున్నదనిపించు మూడవ నాలుగవ వారముననే మేకు పట్టు అన్నిటికంటె తక్కువగా ఉండవచ్చును. ఆ సమయమున ధైర్యము చేసి జంతిక కొరికినవారు మొదటికే మోసము తెచ్చుకొందురు. రెండు మూడు నెలలు ముద్దపప్పు, ఇడ్లీ, మెత్తగా వండిన అన్నమువంటివే తినవలెను. ఎముక పూర్తిగా పట్టిన తరువాత, అనగా మూడు మొదలు ఆరు నెలలకు, మరల కొలతలు తీసి శాశ్వతమైన పంక్తిని బిగింతురు. పండ్లు మూడు దినములలో రావచ్చును. ఎముక మాత్రము తన కాలము తాను తీసికొనును. దానికి ప్రకటనలు తెలియవు.

ఈ చికిత్స ఎవరికి తగును? వయసు మాత్రమే అడ్డు కాదు. 75 ఏండ్ల ఆరోగ్యవంతునకు 50 ఏండ్ల రోగికంటె బాగుగా కుదురవచ్చును. మధుమేహము అదుపులో ఉన్నచో చేయవచ్చును. అదుపు తప్పియున్నచో గాయము మానుట, ఎముక పట్టుట రెండును చెడును. పొగత్రాగువారి మేకులు ఊడు ప్రమాదము ఎక్కువ. ఉత్తరకోస్తాలో చుట్టను వెలుగుకొన లోపలికి పెట్టి త్రాగు అడ్డపొగ అలవాటు గలవారు మొదట అంగిలిని పరీక్ష చేయించుకొనవలెను. ఆ వేడిచేత అంగిలిలో పుండ్లును, వానినుండి క్యాన్సరును పుట్టుట వైద్యులెరిగినదే. తలకు మెడకు కిరణ చికిత్స పొందినవారు, క్యాన్సరుకో ఎముకల గుల్లతనమునకో కొన్ని ప్రత్యేక మందులు తీసికొన్నవారు ఆ సంగతి తప్పక చెప్పవలెను. అట్టివారిలో దవడయెముక మానక చచ్చుపడు ప్రమాదము కలదు. రక్తము పలుచన చేయు మందులు వాడువారు తమంతట తాము వానిని మానరాదు. ఇద్దరు వైద్యులును మాటాడుకొని నిర్ణయింపవలెను.

ఇచ్చట మేము గట్టిగా చెప్పదలచిన మాట యొకటి కలదు. పంక్తి అంతయు నాటుటకు వీలుగా, నోటిలో మిగిలిన పండ్లనన్నిటిని ఒక్కసారి తీసివేయుదమన్న సలహా కొందరికి ఎదురగును. కదలి, చీముపట్టి, ఎముకను తినివేయుచున్న పండ్లైనచో తీయుట న్యాయమే. కాని చిగుళ్ల చికిత్సతోనో, వేరు చికిత్సతోనో నిలుపదగిన పన్నును మేకుకొరకు తీయుట న్యాయము కాదు. సొంత వేరున్నంతవరకు ఎముక ఉండును. మేకు ఎముకను కొంత కాపాడును గాని, సొంత పంటికి సమానము కాదు. పంటికిని ఎముకకును నడుమ సన్నని నారపొర కలదు. అది మెత్తవలె ఒత్తిడిని ఆపును, స్పర్శను తెలుపును. అన్నములో రాయి తగిలిన క్షణముననే దవడ ఆగిపోవుట ఆ పొర చలువయే. మేకు చుట్టు ఆ పొర లేదు. రాయి తగిలినట్లు తెలియుట ఆలస్యమగును. "పళ్లూడగొట్టుకొనుటకు ఏ రాయియైననేమి" అను సామెత మనకుండనే యున్నది. కావున నిలుపదగిన పండ్లను తీయుమన్నప్పుడు వెంటనే ఒప్పుకొనక, రెండవ వైద్యుని అభిప్రాయము తీసికొనుడు. హైదరాబాదు, విజయవాడలలోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలల వంటి చోట్ల చూపించుకొని అడుగవచ్చును.

లక్షలు పెట్టలేనివారికి దారి మూసికొనిపోలేదు. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున సమావేశమైన నిపుణులు ఒక మధ్యేమార్గమును సూచించిరి. పండ్లు లేని క్రింది దవడలో రెండే మేకులు నాటి, వానికి గుండీవలె తగులుకొను కట్టుడుపంక్తిని అమర్చుట. దానిని తీసి పెట్టుకొనవచ్చును. కాని మాటాడునపుడు లేవదు, నమలునపుడు జరుగదు. కష్టమంతయు క్రింది పంక్తితోనే గనుక, పైన మామూలు కట్టుడుపండ్లు, క్రింద ఈ రెండు మేకుల పంక్తి ఉంచుకొన్నచో ఖర్చు ఎంతో తగ్గును. ఇదియు కుదరనివారు బాగుగా కొలతలు తీసి చేసిన మామూలు కట్టుడుపండ్లతో సుఖముగా ఉండవచ్చును. ఎముక తరుగుచుండును గనుక వానిని కొన్నేండ్లకొకసారి సరిచేయించుకొనవలెను. రాత్రి తీసి నీటిలో ఉంచవలెను.

స్థిరదంతములు వచ్చిన పిమ్మట పని ముగిసెననుకొనుట మరియొక భ్రమ. లోహమునకు పుచ్చు పట్టదు; నిజమే. కాని దాని చుట్టునున్న చిగురు వాచును, ఎముక చీముపట్టును. పాచి పేరుకొన్నచోట ఈ జబ్బు మెల్లగా, నొప్పిలేకుండ ప్రవేశించి, మేకును పట్టిన ఎముకను తినివేయును. వంతెన క్రిందను, మేకుల చుట్టును సన్నని కుంచెతోను, దారముతోను, నీటిధారతోను ప్రతిదినము శుభ్రము చేయవలెను. ఆరు నెలలకో సంవత్సరమునకో వైద్యునికి చూపవలెను. ఈ పంక్తి మరలతో బిగింపబడినది గనుక ఆయన దానిని విప్పి, కడిగి, మరల బిగింపగలడు. మరలు వదులగుట, పన్ను పెచ్చు ఊడుట మామూలు సంగతులే. వానికై కొంత ధనము ముందే అనుకొని ఉంచుకొనవలెను.

దీనిలోనే కుటుంబము ఆలోచింపవలసిన విషయమొకటి ఇమిడియున్నది. నేడు తన నోరు తాను శుభ్రము చేసికొను పెద్దాయన పదేండ్లకు చేతులు వణకి మంచము పట్టవచ్చును. తీసి పెట్టు పండ్లైనచో కోడలో కుమార్తెయో తీసి కడిగి ఇచ్చును. నోటిలో బిగించిన పండ్లను పరుల చేతితో శుభ్రము చేయుట కష్టము. ఈ ప్రశ్నను వైద్యుడు అడుగక పోవచ్చును, ఇంటివారే అడుగవలెను. అట్టి స్థితి వచ్చినపుడు, అవే మేకులపై తీసి పెట్టు పంక్తిని అమర్చుటకు వీలుండునా అని ముందుగనే తెలిసికొనుట మేలు.

కావున వైద్యుని ఎదుట కూర్చున్నపుడు ఈ ప్రశ్నలు అడుగుడు. మా పండ్లలో నిలుపదగినవి ఎన్ని? స్కానింగులో ఎముక ఎట్లున్నది, దయచేసి మాకు చూపుడు. ఎన్ని మేకులు, ఏ సంస్థవి? పదేండ్లకు వాని మరలు దొరకునా? మీరు చెప్పిన ఖర్చులో తాత్కాలిక పంక్తియు శాశ్వత పంక్తియు రెండును ఉన్నవా? ఒక మేకు పట్టకపోయినచో ఏమి చేయుదురు, ఎవరి ఖర్చు? ప్రతి సంవత్సరపు పరీక్షకు ఏమగును? ఈ ప్రశ్నలకు విసుగుకొనక జవాబు చెప్పు వైద్యుడు దొరకినచో సగము పని అయినట్లే. జవాబులను కాగితముపై వ్రాయించుకొనుడు. మేకుల పేరు, కొలతలు గల చీటిని ఇంటి దస్తావేజులతో భద్రపరచుడు. ఊరు మారినను, వైద్యుడు మారినను ఆ చీటియే దారి చూపును.

ఇంటిలో మాట తగ్గించిన పెద్దలున్నచో, వారికి చెవి వినబడుటలేదా, మనసు బాగులేదా అని అనుకొనుటకు ముందు ఒకసారి నోరు చూపింపుడు. స్థిరదంతములే కావలెనని లేదు. వారి ఎముకకు, వారి ఆరోగ్యమునకు, మీ శక్తికి ఏది తగునో అది చేయింపుడు. భోజనపు పంక్తిలో అందరితో కలిసి నమలుట, నలుగురిలో నవ్వుట, మనుమరాలికి కథ చెప్పునపుడు చందమామలోని చకారము చక్కగా పలుకుట చిన్న కోరికలు కావు.